సింధూరం రంగు సంచులు

కోరుట్ల బస్టాండు ఎదురుగా పరశురాములు కుట్టు దుకాణం ఉండేది. ముందు గది దుకాణం, పరదా వెనక ఇల్లు. ఊళ్ళో ఇంకా చాలామంది దర్జీలున్నా మందం బట్ట కుట్టే మిషను అతని ఒక్కడి దగ్గరే ఉంది. దుబాయికి, మస్కటుకు పోయేవాళ్ళు పెట్టెలకు కాన్వాసు తొడుగులు కుట్టించుకోవాలంటే అక్కడికే రావాలి. ఎనభై ఏడు ఎండాకాలంలో ఫజలుద్దీన్ సారు వచ్చింది కూడా ఆ మిషను కోసమే.

సారుది జగిత్యాల. కోరుట్ల బడిలో డ్రిల్లు నేర్పిస్తాడు. చంకలో ఒక తాను బట్ట, చేతిలో చుట్ట చుట్టిన కాయితం పట్టుకొని వచ్చాడు. కత్తిరించే బల్ల మీద కాయితం పరిచి నాలుగు మూలలా నాలుగు దారపు ఉండలు పెట్టాడు. పరదా వెనక పాపకు పాలిస్తున్న పరశురాములు భార్య రాజలక్ష్మి సందులోంచి చూసింది. కాయితం మీద గట్లు గీసి ఉన్నాయి. గట్ల నడుమ నీలం పెన్సిలుతో వాగులు. ఒక చుక్కల దారి, దారి పొడుగునా ఏడు చోట్ల ఎర్రటి గుర్తులు.

"ఏడు రోజుల నడక, పరశురాం. నాలుగు గట్లెక్కాలె. ఆఖరుది పదమూడు వేల అడుగులు దాటుతది" అన్నాడు సారు.

"మన కొండగట్టు అసొంటియి ఎన్ని పెడితె అంతయితది సార్?"

"గా లెక్క చేస్తే నీకు మిషను తొక్కబుద్ధి గాదు."

"ఈ ఎండలల్ల గట్లెక్కుడేంది సార్? మాడిపోతరు."

"ఎండేడిది? ఆడ మోకాలి లోతు మంచుంటది. హిమాలయాలు. పోయినేడు పిల్లలను తీసుకొని కిందికెల్లి చూసొచ్చిన. ఈసారి ఐదుగురం మీదికే పోవాలని ప్లాను. మనిషికి పన్నెండు కిలోల కన్న ఎక్కువ మోయద్దు. అటుకులు, పుట్నాలు, బెల్లం, ఎండు కుడుకలు. బియ్యం మాత్రం తీసుకపోం."

"బియ్యం లేకుంట ఏడు రోజులా?"

"అంత మీద నీళ్ళు మరుగుతయి గని బియ్యం ఉడకదు, పరశురాం."

ఆ మాటతో రాజలక్ష్మి సారును నమ్మడం మానేసింది. మే నెలలో మంచంటే సరే, ఎక్కడో ఉంటుందేమో అనుకున్నది. కానీ నీళ్ళు మరిగినాక బియ్యం ఉడకకపోవడమేమిటి? ఆమె చదివింది ఏడో తరగతి. తల్లికి జబ్బు చేస్తే బడి మాన్పించి మగ్గానికి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. చదువు ఆగిపోయినా పొయ్యి దగ్గర ఆమెకు తెలియనిది లేదు.

సారు తాను విప్పాడు. ముదురు ఆకుపచ్చ. వానాకాలంలో మోదుగాకు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఐదు వీపు సంచులు కావాలన్నాడు. బరువు భుజాల మీద పడకుండా నడుముకు వెడల్పాటి పట్టీ. అడుగున బొంత చుట్టి కట్టుకోవడానికి రెండు పట్టీలు.

"జగిత్యాలల గీ ఒక్క రంగే దొరికింది" అన్నాడు పోతూ పోతూ. ఎవరూ అడగకుండానే రంగు గురించి చెప్పాడని ఆమె గుర్తు పెట్టుకుంది.

అన్నం పెట్టేటప్పుడు మొదలుపెట్టింది.

"ఐదు సంచులు. పచ్చ బట్ట. నడుముకు పట్టీ. గట్టెక్కుతరట! ఏ గట్టయ్యా? పేరు చెప్పిండా?"

"చెప్పిండు. నాకు నోరు తిరుగలే."

"నోరు తిరుగని పేరు చెప్తే నువ్వు మల్ల అడుగవని చెప్పిండు."

"ఏమే, ఆయన సర్కారు పంతులు."

"అన్నలల్ల కలిసినోళ్ళల్ల పంతుళ్ళు లేరా?"

పరశురాములు నమలడం ఆపాడు. పోయిన నెలలోనే ఒక పోలీసాయన దర్జీలందరి దగ్గరికీ తిరిగి, పచ్చ బట్ట కుట్టుమని ఎవరు వచ్చినా తమకు చెప్పాలని చెప్పిపోయాడు. వెల్గటూర్ దిక్కు ఒక పల్లెలో దర్జీని, నక్సలైట్ల దళానికి సంచులు కుట్టాడని పోలీసులు తీసుకపోయారు. పన్నెండు రోజులకు వదిలారు. ఇప్పుడతను సూదిలో దారం ఎక్కించలేడట, వేళ్ళు వంగవట. ఆ మాట విన్ననాటి నుంచి రాజలక్ష్మి మొగుని వేళ్ళ దిక్కు చూడకుండా అన్నం పెట్టలేదు.

"నీకు నీడను చూసినా పోలీసు లెక్కనే కనవడుతది" అన్నాడతను. "ఒప్పుకున్న పని. కుడుత."

మర్నాడు పక్కింటి ముత్తవ్వ బీడీల చాట పట్టుకొని వచ్చి గడపలో కూర్చుంది. మనుమరాలి పుట్టెంటికలు తీయించడానికి ఆదివారం కొండగట్టుకు పోయివచ్చిందామె.

"పిల్లా, ఓ వింత చూసిన. పొద్దు పొడిచే యాళ్ళకు ఐదుగురు మొగోళ్ళు, ఎరువుల సంచులల్ల ఇసుక నింపి వీపులకు కట్టుకున్నరు. మెట్లు ఇడిసిపెట్టి గుండ్ల మీదికెల్లి ఎక్కుతున్నరు. దిగుతున్నరు. మల్ల ఎక్కుతున్నరు. మొక్కా అంటె మొక్కు గాదు. దేవుని దిక్కన్న చూస్తలేరు. ముందటోడు గడియారం చూసుకుంట రాసుకుంటుండు."

"ముందటోడు ఎవలవ్వా?"

"ఎవలేంది, మీ దుకాణంకు వస్తడు గదా, డ్రిల్లు సారే!"

రాజలక్ష్మి పాపకు తినిపిస్తున్న గిన్నె కింద పెట్టేసింది. ఇసుక మోసుకొని గుట్టలెక్కే మనుషులు ఏ పనికి తయారవుతారో కోరుట్ల దిక్కు పుట్టినవాళ్ళకు వేరే చెప్పాల్సిన అవసరం లేదు.

కాన్వాసు గంజి పెట్టిన బట్ట. తడిస్తే ముడుచుకుంటుంది. అందుకే కోయకముందే ఒక రాత్రీ పగలూ నానబెట్టి ఆరేయాలి. ఆ పని ఎప్పుడూ రాజలక్ష్మిదే. ఈసారి ఆమె, బావిలో బొక్కెన అడుగు తగులుతోందనీ, సిరిసిల్లలో తండ్రి దగ్గర తొట్లున్నాయనీ, అక్కడే నానబెట్టి తెస్తాననీ చెప్పింది. తల్లిగారింటికి పోవాలని ఉన్నదేమోనని పరశురాములు నవ్వి సరేనన్నాడు. ఒక చంకన పాప, ఇంకో చంకన తాను. వేములవాడలో బస్సు మారి, గుండ్లు కొట్టించుకున్న యాత్రికుల నడుమ నిలబడి, మధ్యాహ్నానికి సిరిసిల్ల చేరింది.

ఆమె తండ్రి ఆగయ్య నూలుకు రంగులు అద్దే మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ నీలమో ఎరుపో ఉంటుంది. బిడ్డ తెచ్చిన తాను విప్పి, రెండు వేళ్ళ నడుమ నలిపి చూశాడు.

"నానబెట్టుడు ఒక్కటే గాదు బాపూ. రంగు మార్చాలె" అంది.

"ఎవలది బట్ట?"

"ఇంకొగలది."

"వాళ్ళకు ఎర్కనేనా?"

ఆమె పాప అంగీ సర్దింది. ఆగయ్య తాను మడిచి పక్కన పెట్టాడు. "పరాయోళ్ళ బట్ట అడుగకుంట ముట్టుకునుడు మన తాన లేదు బిడ్డా."

అప్పుడామె అంతా చెప్పింది. కాయితం మీద గట్లు, ఉడకని బియ్యం, ఇసుక సంచులు, వేళ్ళు వంగని దర్జీ. ముసలాయన బీడీ ముట్టించి ఆర్పి, మళ్ళీ ముట్టించాడు.

"రంగు మారిస్తె మనిషి మారుతడా?"

"మారకున్నా మంచిదే. చెట్లల్ల దాగనియ్యని రంగు కావాలె. అడివికి పొయ్యేటోడు గా రంగు చూసి వద్దంటడు. నిజంగ మంచులకు పొయ్యేటోడు ఏ రంగైనా తీసుకుంటడు. గప్పుడు ఎవలేందో నాకు ఎర్కయితది."

"ఏడు సదివితేనే ఇంత ఉపాయమా? పది సదివిపిస్తె నా కొంప ముంచుతుండె నువ్వు."

"పది సదివితె బియ్యం ఎందుకు ఉడకదో కూడ తెలుస్తుండె" అంది ఆమె, నవ్వకుండా.

ముదురు రంగు మీద లేత రంగు ఎక్కదు. ఆగయ్య ముందు ఆ పచ్చదనాన్ని మందు నీళ్ళలో ఉడికించి గుంజేశాడు. తొట్టి అంతా బురద నీళ్ళయింది. బట్ట పాతగోడ రంగుకు వచ్చింది. తర్వాత సింధూరం తొట్టిలో ముంచి, కట్టెలతో తిప్పి తిప్పి మూడు మునకలు వేయించాడు. మర్నాడు ఎండలో ఆరేస్తే వాడంతా ఆగి చూసింది. మడతలు పడ్డచోట కొంచెం మచ్చలు తేలాయి కానీ, ఆ బట్ట మాత్రం మైలు దూరానికి కనబడేట్టుంది.

కోరుట్లలో తాను విప్పగానే పరశురాములు కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

"ఎవల బట్టే గిది?"

"సార్‌దే."

"సార్ గీ రంగు తెచ్చిండా?"

"నేను మార్పిచ్చిన."

"దర్జీ కొలత తప్పితె తిట్టి ఊకుంటరు. బట్ట మార్చిండంటె మల్ల గడప తొక్కరు. నా నోట్ల మన్ను గొట్టినవ్."

"నీ వేళ్ళు నాకు గావాలె" అంది ఆమె. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

సాయంత్రం సారు వచ్చాడు. వెంట గంగారాం అనే పిల్లగాడు కూడా వచ్చాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. జగిత్యాల కాలేజీలో అటెండరు, గట్లెక్కే ఐదుగురిలో ఒకడు. రాజలక్ష్మి పరదా అంచు పట్టుకొని ఇద్దరి మొహాలూ కనబడేట్టు నిలబడింది.

సారు బట్టను చూసి, "గిదేంది?" అన్నాడు. పరశురాములు తల వంచుకొని, నానబెట్టేటప్పుడు పొరపాటు జరిగిందని నసిగాడు. సారు ఒక కొస ఎత్తి, వెలుతురుకు పెట్టి, వేలు తడిచేసి రుద్దాడు.

"వానకు దిగుతదా?"

"దిగది సార్" అని పరదా వెనక నుంచే అంది రాజలక్ష్మి. "ఉడుకు నీళ్ళల్ల ఎక్కిచ్చిన రంగు."

సారు గట్టిగా నవ్వాడు. "అరే, నాకెందుకు తోచలే! తెల్లటి మంచుల ఒగడు జారి పడ్డడనుకో, గీ రంగైతె కోసు దూరంకెల్లి కనవడుతది. మంచి పని చేసినవ్ చెల్లె."

సారు నిజమే చెప్పాడన్నమాట. ఎక్కడో మంచు ఉంది. బియ్యం ఉడకని జాగా కూడా ఉందేమో. అంతలో గంగారాం అన్నాడు.

"నాది ఒక్కటి పచ్చది కుట్టియ్యరాదు సార్?"

"ఎందుకురా?"

"గీ రంగు ఏసుకుంటె నవ్వుతరు."

"ఎవలు నవ్వుతరు? మంచుల మేకలా?" సారు అతని వీపు చరిచాడు. గంగారాం నవ్వలేదు. బట్టను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

మూడు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం గంగారాం ఒక్కడే వచ్చాడు. పరశురాములు పట్టీల కొక్కేలు తేవడానికి మెట్‌పల్లి పోయి ఉన్నాడు.

"అక్కా, అన్న లేడా?"

"లేడు తమ్మీ. ఏంది?"

పేపరులో చుట్టిన పచ్చ కాన్వాసు తీసి బల్ల మీద పెట్టాడు. "నాకు ఇంకొకటి కుట్టుమను. గదే కొలత. కింద బొంత పట్టీలు వద్దు. పక్కకు ఒక పొడుగు జేబు కావాలె, గింత." చేయి చాపి చూపించాడు.

"గంత పొడుగు జేబుల ఏం పెడుతవ్?"

"కట్టె అక్కా. నడిచే కట్టె."

"నడిచే కట్టె చేతుల ఉంటది గని జేబుల ఉంటదా?"

అతను పాప దిక్కు చూశాడు. బల్ల మీద కూర్చోబెట్టిన పాప అతని గుండీ పట్టుకొని లాగుతోంది.

"బొంత పట్టీలు ఎందుకొద్దు తమ్మీ? నీకొక్కనికి మంచుల చలి పెట్టదా?"

"సార్‌కు చెప్పకక్కా. చిన్నబుచ్చుకుంటడు."

రాజలక్ష్మి బట్టను మళ్ళీ పేపరులో చుట్టింది. "అన్న కుట్టడు. మిషను సూది ఇరిగింది."

"పొద్దుగాల ఇటు పోతుంటె నడుస్తుండె గదా?"

"గప్పుడే ఇరిగింది."

సూది మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. అతను బట్ట తీసుకున్నాడు. గడప దగ్గర ఆగి, "ఎవలకన్న చెప్తవా అక్కా?" అన్నాడు.

"చెప్పనీకి ఏముంది? బట్ట తెచ్చినవ్. సూది లేదన్న. తీసుకపోయినవ్."

అతను పోయినాక ఆమె కుర్చీలో కూలబడింది. పోలీసులకు చెప్తే ఈ పిల్లగాడు ప్రాణాలతో ఉండడు. చెప్పకపోతే ఇంట్లో మనిషి వేళ్ళు. సారుకు చెబుదామంటే సారు ఎవరితో అంటాడో తెలియదు. మొగునికి కూడా చెప్పలేదు. రేపు ఎవరైనా పట్టుకొని అడిగితే తెలియదని అతను నిజంగానే చెప్పగలగాలి. ఆ ఒక్క లెక్కతో నోరు కట్టేసుకుంది.

ఐదు సంచులూ తయారయ్యాయి. ఐదుగురూ తీసుకపోయారు. గంగారాం కూడా తన సంచి తీసుకపోయాడు.

బయలుదేరే రోజు పొద్దున కరీంనగర్ బస్సు ఎదురుగా ఆగి ఉంది. అక్కడ నుంచి కాజీపేట, కాజీపేటలో ఢిల్లీ బండి. ఐదుగురూ సంచులతో వరుసగా నిలబడితే బస్టాండులో జనం చుట్టూ మూగి చూస్తున్నారు. పరశురాములు గర్వంగా నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"చూసినవా? ఐదుకు ఐదు. ఇగనన్న నీ అనుమానం సల్లారిందా?"

రాజలక్ష్మి సంచులనే చూస్తోంది. నడుము పట్టీలకు రెండో వరస కుట్టు ఆమె చేతులతోనే వేసింది. నాలుగు సంచులు కిందికి గుంజుతూ, పట్టీలు బిగిసి, మనుషులు కొంచెం ముందుకు వంగి ఉన్నారు. ఐదో సంచి గంగారాం వీపు మీద గాలికి లేస్తోంది. పట్టీ వదులుగా వేలాడుతోంది. అందులో బరువేమీ లేదు. ఏడు రోజులు మంచులో ఉండవలసిన మనిషి ఖాళీ సంచితో పోతున్నాడు. దారిలో ఏ ఊళ్ళోనో దిగుతాడు. అతనితోపాటు తన మొగుడు కుట్టిన సంచి కూడా దిగుతుంది. పారేస్తే పొదల్లో దొరుకుతుంది. దొరికితే, ఇంత రంగు సంచిని ఎవరు కుట్టారో కోరుట్ల బస్టాండు మొత్తం చెప్తుంది. దాన్ని అందరికీ కనబడేట్టు చేసింది తనే.

వాళ్ళు బస్సెక్కారు. డ్రైవరు బండి స్టార్టు చేశాడు. రాజలక్ష్మి పాపను చంకన వేసుకొని రోడ్డు దాటి ఉరికింది. మెట్లెక్కి లోపలికి పోయింది.

"తమ్మీ, నీ సంచి పట్టీ కుట్టు ఊడింది. ఇటియ్యి."

గంగారాం కదలలేదు. సారు ముందు సీట్లోంచి తిరిగి, "ఇప్పుడేంది చెల్లె, దారిల నేను చూసుకుంట" అన్నాడు.

"ఊడిన సంచితోని గట్టెక్కితె మనిషి పడుతడు సార్. మా పేరు ఖరాబైతది."

"ఏందమ్మా, దిగుతవా, టికెటియ్యాల్నా?" అని అరిచాడు కండక్టరు. ఎవరో నవ్వారు.

రాజలక్ష్మి చేయి చాపి అట్లాగే నిలబడింది. గంగారాం ఆమె కళ్ళలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు; కోపం ఉన్నా ఆమె అంత భయపడేది కాదు. అతను మెల్లగా భుజాల పట్టీలు తప్పించి సంచి ఇచ్చాడు. ఆమె మూత విప్పి లోపలి సామాను తీసి అతని ఒళ్ళో పెట్టింది. ఒక అంగీ, ఒక తువాల. అంతే.

సారు ఆ అంగీనీ తువాలనూ చూశాడు. "గంగారాం, బొంతేది? అటుకులేవి?"

"కాజీపేటల కొంట సార్."

సారు ఇంకేదో అడగబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి, కిటికీ వైపు తిరిగాడు. రాజలక్ష్మి దిగింది. బస్సు కదిలింది.

దుకాణంలో పరశురాములు సంచి తిరగేసి బోర్లేసి చూశాడు. పట్టీలు గుంజి చూశాడు. "ఏ కుట్టూ ఊడలేదే?"

"అవు. ఊడలే."

"మరి?"

"గా పిల్లగాడు మంచులకు పోతలేడు."

అతను మిషను మీది బ్లేడు తీసి, గుమ్మం పక్కన కూర్చొని, తాను వేసిన కుట్లు తానే ఒక్కొక్కటీ తెంపడం మొదలుపెట్టాడు. రాజలక్ష్మి ఎదురుగా కూర్చొని తెగిన దారాలు ఏరింది. ఆ రోజు మొదలు, జీపు చప్పుడు వినిపించినప్పుడల్లా ఆమె పాపను తీసుకొని పరదా వెనకకు పోయేది. ఏ జీపూ ఆగలేదు.

జూన్ మొదట్లో సారు వచ్చాడు. ముక్కు మీద తోలు లేచిపోయి, పెదవులు పగిలి, మనిషి నల్లబడ్డాడు. పరశురాములు కుర్చీ వేశాడు. రాజలక్ష్మి చాయ తెచ్చింది. నాలుగు గట్లూ ఎక్కారట. రెండో గట్టు దగ్గర మంచు కురిసి ఒక పూటంతా గుడారంలో కూర్చున్నారట. ఇద్దరు జారితే సంచుల రంగును చూసి దొరకబట్టారట.

"ఐదుగురూ మంచిగ వచ్చిండ్రా సార్?" అన్నాడు పరశురాములు.

"నలుగురం" అన్నాడు సారు. చాయ సాసరులో పోసుకొని, చల్లార్చుకుంటూ, "గంగారాం కాజీపేటల నీళ్ళు తెస్తనని దిగిండు. బండి కదిలింది, ఎక్కలే" అన్నాడు.

సారు సాసరు ఖాళీ చేసి గొంతు తగ్గించాడు.

"చెల్లె, వాని సంచి ఉన్నదా?"

"లేదు సార్. విప్పేసినం. బట్ట కూడ లేదు."

సారు ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత తల ఊపి, పరశురాములు దిక్కు కుర్చీ జరుపుకొని, "మూడో గట్టు చెప్తున్న కదా, ఇను" అంటూ మొదలుపెట్టాడు.